ఎన్ని తరాలు ఉంటే ఆ ఊరి మనిషి అవుతారు?

మా అమ్మమ్మ రంగూన్‌లో పుట్టింది. వాళ్లమ్మా అక్కడే పుట్టింది. అయినా 1964లో వాళ్లు ఓడెక్కేనాటికి ఆవిడ చేతిలో ఉన్న కాగితం విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డు. పుట్టిన ఊళ్లో విదేశీయురాలు. సరే, విశాఖ చేరాక సొంత మనుషుల్లో కలిసిపోయారా అంటే అదీ లేదు, ఇక్కడ పెట్టిన పేరు బర్మా కాందిశీకులు. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. అమ్మమ్మ పోయేదాకా "మా ఊళ్లో" అని మాట మొదలుపెడితే అది రంగూన్ గురించే అని ఇంట్లో పిల్లలందరికీ తెలుసు, ఏ ఊరని ఎవరం అడిగేవాళ్లం కాదు.

చాగోస్ దీవుల గురించి చదవడం మొదలుపెట్టిన కొత్తలో ఒక మాట దగ్గర నేను ఆగిపోవడానికి కారణం ఇదే. ఆ మాట "కాంట్రాక్టు కూలీలు". అక్కడ పుట్టి పెరిగిన వాళ్లందరినీ ఖాళీ చేయించేటప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం ప్రపంచానికి చెప్పిన కారణం అది. వాళ్లు ఆ దీవుల మనుషులు కారట, పని కోసం తాత్కాలికంగా వచ్చిన కూలీలట, పని అయిపోయింది కాబట్టి పంపించేశారట. కూలికి వెళ్లిన వాళ్ల వంశంలో పుట్టిన నాకు ఈ మాట మింగుడు పడలేదు. ఇప్పటికీ పడదు.

చాగోస్ అంటే హిందూ మహాసముద్రం నడిమధ్యలో ఉన్న అరవై దాకా చిన్న పగడపు దీవులు. మాల్దీవులకు దక్షిణంగా 500 కిలోమీటర్లు, కన్యాకుమారి నుంచి దాదాపు 1,800, మారిషస్ నుంచైతే 2,000 పైనే. వీటిలో పెద్దది డియెగో గార్సియా, అదీ దాదాపు 30 చదరపు కిలోమీటర్లే, మధ్యలో పెద్ద మడుగు, చుట్టూ సన్నటి నేల. మన దగ్గర చాలామందికి ఆ పేరు అమెరికా బాంబర్ల వార్తల్లో తగిలి ఉంటుంది. 1991లో గల్ఫ్ యుద్ధానికీ, 2001లో అఫ్ఘానిస్తాన్‌కీ, 2003లో ఇరాక్‌కీ విమానాలు అక్కడి నుంచే లేచాయి. ఆ విమానాశ్రయం కింద ఒకప్పుడు కొబ్బరితోటలుండేవని, తోటల మధ్య ఇళ్లుండేవని ఆ వార్తల్లో ఎవరూ చెప్పలేదు.

మొదట అక్కడ మనుషులు లేరన్నది నిజమే. పోర్చుగీసు నావికులు 16వ శతాబ్దంలో చూసి పేర్లు పెట్టి వెళ్లిపోయారు. 1780లు, 90లలో మారిషస్‌ను ఏలుతున్న ఫ్రెంచివాళ్లు అక్కడ కొబ్బరితోటలు వేయించి, పని చేయడానికి మడగాస్కర్ నుంచీ మొజాంబిక్ నుంచీ బానిసలను తెచ్చి దింపారు. 1814లో మారిషస్‌తో పాటు ఇవీ బ్రిటిష్ వాళ్ల చేతికొచ్చాయి. 1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయింది, తరువాత మన దేశం నుంచి కూలికి వెళ్లినవాళ్లు కొందరు కూడా ఈ దీవులకు చేరారు. అందరూ కలిసి ఒక్కటయ్యారు. వాళ్లకంటూ ఒక క్రియోల్ యాస (ఫ్రెంచి మీద అల్లుకున్న కలగలుపు భాష), వాళ్లదైన సెగా పాట, కొబ్బరిపాలలో చేప ఉడికించే సెరాజ్ అనే కూర, చర్చి, బడి, శ్మశానం, అన్నీ ఏర్పడ్డాయి. రోజుకు వందల కాయలు ఒలిచి, కొబ్బరి ఎండబెట్టి, గాడిదలు తిప్పే గానుగల్లో నూనె తీసేవారు. మారిషస్‌లో దీపాలు వెలిగింది చాలాకాలం ఆ నూనెతోనే, అందుకే వీటికి నూనె దీవులు అనే పేరు కూడా ఉండేది. అదేదో స్వర్గం అని నేననను. తోట యజమానిదే రాజ్యం, కూలి తక్కువ, అందులో కొంత బియ్యం, పిండి, నూనెల రూపంలోనే వచ్చేది. కానీ తినడానికీ ఉండడానికీ లోటు లేదు, పైగా తాత సమాధి పక్కన తండ్రి సమాధి ఉండే ఊరది.

ఎంత మారుమూల అంటే, 1914 సెప్టెంబర్‌లో మద్రాసు మీద గుళ్లు కురిపించిన జర్మన్ ఓడ ఎండెన్, అక్టోబర్‌లో డియెగో గార్సియాలో ఆగి అడుగు నాచు గీకించుకుని బొగ్గు నింపుకుంది. ప్రపంచ యుద్ధం మొదలైందన్న కబురే దీవివాళ్లకు అప్పటికి చేరలేదు. వచ్చింది శత్రువని తెలియక ఆదరించి పంపించారు. నాకు ఈ ముచ్చట చాలా ఇష్టం, ఎందుకంటే ఆ మనుషులు లోకానికి ఏ అపకారం చేయలేని దూరంలో బతికారని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక 1960ల సంగతి. అమెరికాకు హిందూ మహాసముద్రంలో ఒక సైనిక స్థావరం కావాలి. వలస దేశాలన్నీ వరసగా స్వాతంత్ర్యం తీసుకుంటున్నాయి కాబట్టి రేపు ఏ కొత్త ప్రభుత్వమూ పొమ్మనకుండా ఉండే చోటు కావాలి. మారిషస్ ఇంకా బ్రిటన్ చేతిలోనే ఉంది. 1965 సెప్టెంబర్‌లో లండన్‌లో స్వాతంత్ర్యం గురించి మాట్లాడడానికి వెళ్లిన మారిషస్ నాయకుడు శివసాగర్ రామ్‌గులామ్‌తో బ్రిటిష్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ విడిగా కూర్చున్నాడు. చాగోస్ వదులుకుంటే స్వాతంత్ర్యం వస్తుందన్నది ఆ మాటల సారం. 30 లక్షల పౌండ్లు ఇచ్చారు. 1965 నవంబర్ 8న చాగోస్‌నూ, సీషెల్స్ నుంచి మరో మూడు దీవులనూ విడగొట్టి 'బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతం' అనే కొత్త వలసను పుట్టించారు. లోకమంతా వలసలు రద్దవుతున్న రోజుల్లో కొత్త వలస! ఇలా విడగొట్టొద్దని ఆ డిసెంబర్‌లోనే ఐక్యరాజ్యసమితి తీర్మానం చేసింది, ఎవరూ పట్టించుకోలేదు. 1966 డిసెంబర్ ఒప్పందంలో అమెరికాకు 50 ఏళ్లు రాసిచ్చారు, బదులుగా బ్రిటన్ అమెరికా దగ్గర కొంటున్న పొలారిస్ క్షిపణుల బిల్లులో కోటీ నలభై లక్షల డాలర్లు గుట్టుగా తగ్గించుకున్నారు.

అన్నీ కుదిరాయి, మనుషులే అడ్డు. ఐక్యరాజ్యసమితి నియమావళి (చార్టర్) ప్రకారం ఒక వలసలో స్థిరంగా ఉండే జనం ఉంటే వాళ్ల బాగోగులకు పాలించే దేశం పూచీ పడాలి, సమితికి లెక్క చెప్పాలి. అందుకని జనమే లేరని చెప్పాలని నిర్ణయించారు. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు, బ్రిటన్ విదేశాంగ శాఖ సొంత కాగితాలు తరువాత కోర్టుల్లో బయటపడ్డాయి. 1966లో ఒక పెద్ద అధికారి, అక్కడ సముద్రపు పక్షులు తప్ప స్థానిక జనాభా ఉండరని రాశాడు. ఇంకో అధికారి దాని కింద చేత్తో, ఆ పక్షులతో పాటు కొందరు టార్జాన్లు, ఫ్రైడేలు (కథల్లోని అడవి మనుషుల పేర్లతో వెటకారం) కూడా ఉన్నారని, వాళ్లను మారిషస్ పంపేస్తున్నామని చేర్చాడు. 1970లో అదే శాఖలో న్యాయ సలహాదారు రాసిన పత్రంలో ఒక శీర్షిక ఉంది, దాని అర్థం "కల్పనను నిలబెట్టుకోవడం". ఆ కల్పన ఏమిటంటే, అక్కడున్నవాళ్లు స్థిరనివాసులు కారు, కాంట్రాక్టు కూలీలు.

ఐదు తరాలు! 1790లలో బానిసగా దిగిన మనిషికి ఆ నేల మీద కాంట్రాక్టు ఎక్కడిది? వాడికి కాగితం లేదు, కూలి లేదు, తిరిగి వెళ్లే ఊరూ లేదు. వాడి ముని ముని మనవరాలిని పట్టుకుని నువ్వు తాత్కాలికంగా వచ్చావు అంటే ఆమె ఎక్కడికి వెళ్లాలి, మొజాంబిక్‌కా?

ఈ వాదనను ఒప్పుకుంటే లోకంలో తెలుగువాళ్లు ఎవరూ మిగలరు అన్నది నా బాధ. 1843లో 'కోరింగ ప్యాకెట్' అనే ఓడలో మనవాళ్లు మారిషస్ వెళ్లారు, చెరకు తోటల్లో కాంట్రాక్టు కూలీలుగానే. అక్కడ ఇప్పుడు ఉగాది ప్రభుత్వ సెలవు దినం. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయి. ఆ తెలుగువాళ్లను ఎవరైనా తాత్కాలికం అనగలరా? ఫిజీలో, దక్షిణాఫ్రికాలో ఉన్నవాళ్లు? బర్మాలో మనవాళ్లను కోరంగీలు అనేవాళ్లు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా. మూడు తరాలు అయినా కోరంగీలే. అంటే ఎక్కడి నుంచి ఓడెక్కావో అదే పేరు, ఎక్కడ పుట్టావో అది లెక్కలోకి రాదు. మా అమ్మమ్మ చేతిలో పెట్టిన కార్డుకీ, చాగోస్ మనుషుల మీద వేసిన ముద్రకీ తేడా నాకు కనిపించదు.

ఖాళీ చేయించిన తీరు కూడా ఒక్క రోజులో జరిగింది కాదు. 1968 నుంచే వైద్యానికో చుట్టాల్ని చూడడానికో మారిషస్ వెళ్లినవాళ్లను తిరుగు ఓడ ఎక్కనివ్వలేదు. రీటా బాంకూల్ట్ అనే ఆవిడ పెరోస్ బాన్యోస్ దీవి నుంచి కాలికి దెబ్బ తగిలిన కూతుర్ని తీసుకుని మొగుడితో, పిల్లలతో వెళ్లింది. కూతురు దక్కలేదు. తిరిగి వెళ్దామని ఓడ కోసం అడిగితే, మీ దీవి అమ్ముడుపోయింది, ఇక మీరు వెళ్లలేరు అన్నారు. ఆ మాట విని ఆమె భర్త పక్షవాతంతో కుప్పకూలాడు, కొన్నేళ్లకు పోయాడు. ఇటు దీవుల్లోకి వచ్చే బియ్యం, పాలు, మందులు తగ్గిపోతూ వచ్చాయి. 1971లో అక్కడ ఉండడమే నేరమన్న చట్టం వచ్చింది. ఆ ఏడాదే డియెగో గార్సియాలో పెంపుడు కుక్కలన్నిటినీ చంపమని హుకుం. కొబ్బరి ఎండబెట్టే కొట్టంలోకి తోలి, తలుపులు మూసి, సైనిక వాహనాల పొగ లోపలికి వదిలారు. పిల్లలు బయట నిలబడి ఆ అరుపులు విన్నారు. తరువాత నార్డ్‌వేర్ అనే ఓడలో మనుషులను కుక్కి పంపారు, తోట మేనేజరు గుర్రాలకు పైన చోటు దొరికింది, ఆడవాళ్లు, పిల్లలు పక్షుల రెట్ట ఎరువు బస్తాల మీద పడుకున్నారు. 1973లో పెరోస్ బాన్యోస్ నుంచి చివరివాళ్లు ఓడెక్కారు. మొత్తం మీద 1,500 నుంచి 2,000 మంది.

చాగోస్ క్రియోల్‌లో సాగ్రెన్ అనే మాట ఉంది. మన బెంగ లాంటిదే, కాకపోతే బెంగ కంటే బరువైనది. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ మురికివాడల్లో పడేశాక పోయినవాళ్ల గురించి ఏమైందని అడిగితే ఆ ఇళ్లవాళ్లు సాగ్రెన్ అనే చెప్తారు. జబ్బు పేరు అడిగినా అదే చెప్తారు. మనిషి బెంగతో పోతాడని తెలుగువాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు.

ఈ కథలో నాకు కోపం తెప్పించే పోలికలు రెండు ఉన్నాయి.

మొదటిది ఆల్డాబ్రా. సీషెల్స్ నుంచి విడగొట్టిన దీవుల్లో అదొకటి, అక్కడ కూడా విమానాశ్రయం కట్టాలనుకున్నారు. అక్కడ పెద్ద తాబేళ్లుంటాయి, అరుదైన పక్షులుంటాయి. బ్రిటన్ శాస్త్రవేత్తలు గట్టిగా పట్టుబట్టారు, పార్లమెంటులో గొడవ జరిగింది, 1967లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. తాబేళ్లను కాపాడినందుకు నాకు సంతోషమే, అవి ఉండాల్సినవే. కానీ అదే ఏళ్లలో, అదే సముద్రంలో, మనుషుల కోసం అడిగే గొంతు లండన్‌లో లేకపోయింది, ఎందుకంటే ఆ మనుషులున్నారనే సంగతి దాచిపెట్టారు.

రెండోది దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ ఏలే ఫాక్లండ్స్ దీవులు. 1982లో అర్జెంటీనా ఆ దీవులను ఆక్రమిస్తే 1,800 మంది దీవివాసుల కోసం బ్రిటన్ ఓడల దండును పంపింది, 255 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. దీవివాళ్ల ఇష్టమే ముఖ్యమన్నారు. జూన్ 14న యుద్ధం ముగిసింది. నెల తిరక్కముందే, జూలై 7న, పోర్ట్ లూయీలో చాగోస్ వాళ్ల నష్టపరిహారం ఒప్పందం మీద అదే బ్రిటన్ సంతకం పెట్టింది. అందరికీ కలిపి 40 లక్షల పౌండ్లు. డబ్బు తీసుకునేటప్పుడు చదవడం రాని ఆడవాళ్ల చేత ఇంగ్లిషు కాగితాల మీద వేలిముద్రలు వేయించారు, ఇక తిరిగి వెళ్లే హక్కు అడగమని అందులో ఉందని వాళ్లకు తరువాతెప్పుడో తెలిసింది. ఫాక్లండ్స్‌లో బ్రిటిష్ వాళ్లు పాతుకుపోయింది 1833 తరువాత. చాగోస్ వాళ్లు అంతకు నలభై ఏళ్ల ముందే అక్కడున్నారు. తరాల లెక్క ప్రకారమైతే ఎవరు ఎక్కువ స్థానికులు? చర్మం రంగు తప్ప ఇంకో సమాధానం నాకు దొరకలేదు, దొరికినవాళ్లు చెప్పండి, వింటాను.

వాళ్లు ఊరుకోలేదు. ముందు నడిచింది ఆడవాళ్లే. షార్లేసియా అలెక్సీ, లిజెట్ తలాత్, పైన చెప్పిన రీటా, వీళ్లంతా వీధుల్లో నిరాహార దీక్షలకు కూర్చున్నారు, పోలీసు దెబ్బలు తిన్నారు. రీటా కొడుకు, ఎలక్ట్రీషియన్ పని చేసుకునే ఒలివియే బాంకూల్ట్, లండన్ కోర్టుకు వెళ్లాడు. 2000లో గెలిచాడు. అప్పటి విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ అప్పీలుకు పోలేదు కూడా. కానీ 2004లో పార్లమెంటు ముందుకు తేకుండానే రాణి పేరున ఉత్తర్వులు ఇచ్చి మళ్లీ తలుపు మూశారు. అది చెల్లదని రెండు కోర్టులు చెప్పాయి, 2008లో పై కోర్టులో ముగ్గురు న్యాయమూర్తులు ప్రభుత్వం వైపు, ఇద్దరు వీళ్లవైపు. ఒక్క ఓటు తేడా! 2010లో ఆ సముద్రమంతా రక్షిత ప్రాంతమని ప్రకటించారు. చేపలు పట్టకూడదు అంటే అక్కడ ఎవరు బతకగలరు? ఈ ఏర్పాటుతో దీవివాసులు తిరిగి రావడం కష్టమవుతుందని ఒక బ్రిటిష్ అధికారి అమెరికా దౌత్యవేత్తలతో అన్నట్టున్న దౌత్య సందేశం (కేబుల్) ఆ ఏడాదే వికీలీక్స్‌లో బయటపడింది.

2018 సెప్టెంబర్‌లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో లిజ్బీ ఎలీజే అనే పెద్దావిడ సాక్ష్యం వినిపించారు. ఆమెకు చదవడం, రాయడం రాదు కాబట్టి ముందే రికార్డు చేసిన వీడియో పెట్టారు, ఆమె ఎదురుగా కూర్చుని ఉంది. ఓడెక్కేనాటికి కడుపుతో ఉన్నానని, మారిషస్ చేరాక బిడ్డ పోయిందని, తన గుండె ఇంకా ఆ దీవిలోనే ఉందని తన క్రియోల్‌లో చెప్పింది. తరువాతి ఏడాది ఫిబ్రవరి 25న, చాగోస్‌ను విడగొట్టడం చట్టబద్ధం కాదని 13 మంది న్యాయమూర్తులు చెప్పారు, ఒక్కరే కాదన్నారు. మే నెలలో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో 116 దేశాలు మారిషస్ వైపు ఓటేశాయి, మన దేశమూ అందులో ఉంది. వ్యతిరేకించినవి ఆరు.

ఇక్కడిదాకా చదివి న్యాయం గెలిచింది అనుకునేవాళ్లతో నాకు తగువు. మారిషస్ గెలిచింది. చాగోస్ మనుషులు గెలిచారా? నేను మారిషస్‌ను ప్రేమిస్తాను, మనవాళ్ల ఇల్లది. అయినా ఈ మాట అనాలి. 1965లో దీవులను వదులుకుంటున్నప్పుడు వాళ్లను ఎవరూ అడగలేదు. 1972లో పునరావాసానికని బ్రిటన్ ఇచ్చిన 6,50,000 పౌండ్లు ఐదారేళ్లపాటు పంచలేదు, ఈలోపు మారిషస్ రూపాయి విలువ పడిపోయింది. దీవుల నుంచి వచ్చినవాళ్లు అంటూ చిన్నచూపు చూశారు, పనులివ్వలేదు. ఇవి కూడా చరిత్రలో భాగమే. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ప్రకారం సార్వభౌమత్వం మారిషస్‌ది, డియెగో గార్సియా 99 ఏళ్లు బ్రిటన్ అధీనంలో, సగటున ఏడాదికి పది కోట్ల పౌండ్ల పైన అద్దె. మిగతా దీవుల్లో జనాన్ని తిరిగి స్థిరపరచడానికి మారిషస్‌కు వీలుంది, డియెగో గార్సియాలో లేదు. చర్చల బల్ల దగ్గర చాగోస్ వాళ్లకు సొంత కుర్చీ లేదు.

వాళ్లలో కూడా ఏకాభిప్రాయం లేదు, ఆ సంగతి దాచడం తప్పవుతుంది. ఒలివియే బాంకూల్ట్ వర్గం ఒప్పందాన్ని స్వాగతించింది, కనీసం కొన్ని దీవులకైనా దారి దొరుకుతుందని. ఇంగ్లండ్‌లో గాట్విక్ విమానాశ్రయం పక్కన క్రాలీ ఊళ్లో స్థిరపడినవాళ్లలో చాలామంది మమ్మల్ని అడక్కుండా మా నేలను ఇంకో దేశానికి ఇవ్వడమేమిటంటున్నారు. సంతకాల రోజు తెల్లవారుజామున డియెగో గార్సియాలో పుట్టిన ఇద్దరు ఆడవాళ్లు కోర్టు నుంచి స్టే తెచ్చారు, కొన్ని గంటలే నిలిచింది. ఏ వర్గం చెప్పేది సరైనదో తేల్చే హక్కు నాకు లేదు. అడగాల్సింది వాళ్లను, ఓటు పెట్టాల్సింది వాళ్లకు, అంతవరకు మాత్రం నాకు స్పష్టంగా ఉంది.

భద్రత, భద్రత అంటారు. స్థావరం ఉన్నది డియెగో గార్సియా పడమటి కొమ్మ మీద. పాత ఊరు, చర్చి, తోట బంగళా ఉన్నవి తూర్పు కొమ్మ మీద, మధ్యలో మడుగు. పెరోస్ బాన్యోస్ అయితే ఇంకో 200 కిలోమీటర్లకు పైగా దూరం. అన్నిటికంటే నన్ను కుదిపేది వేరే. ఆ స్థావరంలో వంట, ఊడ్పు, మరమ్మతు పనులు చేసేది ఎక్కువగా ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన వాళ్లు, కాంట్రాక్టు మీద. అంటే డియెగో గార్సియాలో నిజమైన కాంట్రాక్టు కూలీలు ఇవాళ ఉన్నారు, ఉండనిస్తారు. ఐదు తరాల వాళ్లకే చోటు లేదు. 2006లో వంద మంది దాకా చాగోస్ వాళ్లను ఓడలో తీసుకెళ్లి సమాధులు శుభ్రం చేసుకోనిచ్చారు, పని కాగానే ఓడెక్కించి వెనక్కి తెచ్చారు.

2022 ఫిబ్రవరిలో మారిషస్ వాళ్లు పంపిన ఓడలో బాంకూల్ట్, లిజ్బీ ఎలీజే, ఇంకొందరు పెరోస్ బాన్యోస్‌లో దిగారు. బ్రిటిష్ అధికారుల అనుమతి లేకుండా అలా దిగడం అదే మొదటిసారి. ఇసుకను ముద్దుపెట్టుకున్నారు. చర్చి పైకప్పు లేదు, గోడల్లోంచి చెట్లు మొలిచాయి. కొబ్బరిచెట్లు ఎవరూ ఒలవని కాయలు రాల్చుకుంటూ అడవిలా పెరిగిపోయాయి. వాళ్లు మోకాళ్ల మీద కూర్చుని చర్చి నేల మీది తీగలు కోసి, సమాధుల చుట్టూ చెత్త తీశారు. సాయంత్రానికి మళ్లీ ఓడెక్కారు.